దుబాయి అకామా, కెనడా పర్మిట్, మన ఊరి జీతగాడు

ఈ ఎపిసోడ్ కెనడా గురించి. "కరీంనగర్‌ల కూసోని కెనడా రాజకీయాలు మనకెందుకు తమ్మీ" అని కొందరు అడుగుతరు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఎక్కడో లేదు, మన బస్టాండు చుట్టుపక్కలే ఉంది. ఒక్కసారి తలెత్తి చూడండి. ఎర్రటి ఆకు బొమ్మతో కన్సల్టెన్సీ బోర్డులు కనిపిస్తాయి. అక్కడ్నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పోతే గోడల మీద వేరే కాగితాలు ఉంటాయి. సౌదీలో మేస్త్రీలు కావలెను, ఖతర్‌లో హెల్పర్లు కావలెను, ఫలానా తేదీన ఇంటర్వ్యూ అని. ఒకే జిల్లా నుంచి రెండు దారులు. చాలా ఇండ్లలో ఆ రెండు దారులూ ఒకే గడప నుంచి మొదలవుతాయి. తండ్రి మస్కట్‌లో ఇరవై ఏండ్లు సెంట్రింగ్ పని చేసి కొడుకును బీటెక్ చదివించిండు. ఆ కొడుకు ఇప్పుడు కెనడా ఫైల్ పెట్టిండు.

తండ్రిది కూలీ పని, కొడుకుది చదువు కాబట్టి రెండింటికీ సంబంధం లేదని అనుకుంటాం. పెండ్లి సంబంధాల దగ్గర కూడా "అబ్బాయి కెనడా" అనడానికీ "అబ్బాయి దుబాయి" అనడానికీ ఎంత తేడా ఉందో మీకు తెలుసు. కానీ కెనడా ఇమ్మిగ్రేషన్ రూల్స్ చదువుతుంటే, ఆ దేశంలోని ప్రోగ్రెసివ్ గ్రూపులు వాటి మీద చేస్తున్న విమర్శ చదువుతుంటే, నాకు గల్ఫ్ కంటే ముందు మన ఊర్ల పాత మాట ఒకటి గుర్తొచ్చింది. జీతగాడు.

మా తరానికి ఈ మాట పెద్దగా తెలియదు కాబట్టి కొంచెం చెప్తా. జీతగాడంటే నెల జీతం తీసుకునే ఉద్యోగి కాదు. దొర దగ్గరో, పెద్ద పట్టేదారు దగ్గరో ఏడాది లెక్కన కుదిరిన మనిషి. ముందే కొంత అప్పు తీసుకుంటడు. బిడ్డ పెండ్లికో, తండ్రి చావుకో. ఆ అప్పు తీరేదాకా అదే ఇంట్లో పని చేయాలి. పక్క ఊర్లో కైకిలి రెండింతలు ఇస్తామన్నా పోవడానికి లేదు. తిట్టిండనో, కొట్టిండనో మానేస్తానంటే "అప్పు కట్టి పో" అంటడు. అంటే బాధ పని ఎక్కువ ఉండటంతో అయిపోలేదు. అసలు బాధ, పని ఎక్కడ చేయాలో నిర్ణయించుకునే హక్కు లేకపోవడం.

1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. ఆ చట్టంలో వెట్టికి ఇచ్చిన నిర్వచనం ఒకసారి చదవండి, ఆశ్చర్యపోతారు. సంకెళ్లు ఉండాలనో, కొట్టాలనో అందులో లేదు. అప్పు కారణంగా వేరేచోట పని చేసుకునే స్వేచ్ఛ పోయినా, దేశంలో ఇష్టమున్న చోటికి పోయే హక్కు పోయినా అది వెట్టి కిందికే వస్తుంది. చట్టం వచ్చిన రెండేండ్లకు, 1978 సెప్టెంబర్‌లో, జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. కూలి రేట్లు, వెట్టి, జీతగాండ్ల బతుకు, దొరల చేతిలో ఉన్న భూములు, ఇవన్నీ అప్పటి కొట్లాటలో ఉన్నాయి. ఆ తర్వాతి నెలలోనే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ చరిత్ర మీద మీకు ఏ అభిప్రాయమన్నా ఉండొచ్చు. జీతగాడు అనే పద్ధతి తప్పని ఈ నేల మీద చాలామంది గట్టిగా చెప్పారన్న విషయం మాత్రం ఎవరూ కాదనలేరు.

సరిగ్గా ఆ కాలంలోనే గల్ఫ్ దారి తెరుచుకుంది. 1973లో చమురు ధరలు పెరిగినయి, ఎడారిలో కట్టడాలు మొదలైనయి, మనుషులు కావాల్సి వచ్చిండ్రు. జగిత్యాల దిక్కు రాయికల్, మల్లాపూర్, సిరిసిల్ల దిక్కు చందుర్తి, కోనరావుపేట, పాత ఆదిలాబాద్‌లో నిర్మల్, ఖానాపూర్, లక్ష్మణచాంద, మామడ. ఈ మండలాల్లో గల్ఫ్ ముఖం చూడని వాడకట్టు దొరకడం కష్టం.

గల్ఫ్‌లో పద్ధతి పేరు కఫాలా. మనోళ్లకు కఫీల్ అంటే బాగా తెలుసు. ఆ దేశంలో నువ్వు ఉండొచ్చు అని చెప్పే కాగితం, మనోళ్లు అకామా అంటరు, అది కఫీల్ పేరు మీద నడుస్తది. అకామా రెన్యువల్ చేయించాల్సింది కఫీల్. అతను చేయించకపోతే తప్పు అతనిది, కానీ రోడ్డు మీద పోలీసు పట్టుకునేది కార్మికుణ్ణి. జీతం ఇవ్వట్లేదని బయటకొచ్చి వేరే దగ్గర పని చేస్తే "ఖల్లివెల్లి" అయిపోతడు. అంటే పారిపోయినోడు అన్నట్టు. పని చేసిన జీతం రానోడేమో పారిపోయిన దొంగ, ఎగ్గొట్టిన కంపెనీ మాత్రం ఫిర్యాదుదారు. ఇంక అతనికి మిగిలింది క్షమాభిక్ష ఎప్పుడు పెడతరా అని ఎదురుచూసి, ఔట్‌పాస్ మీద ఇంటికి రావడం. 2018లో యూఏఈ, కువైట్ పెట్టినయి, 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా యూఏఈ మళ్లీ పెట్టింది. క్షమాభిక్ష అనే మాటే చూడండి. క్షమించాల్సిన నేరం చేసింది ఎవరు?

దీనికి అప్పు తోడు. ఏజెంటుకు లక్షన్నర కట్టిండనుకుందాం. ఊర్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500 వడ్డీకే పోతది. అక్కడ హెల్పర్‌కు 900, 1,000 దిర్హాములు, మన లెక్కలో 20 వేల పైచిలుకు. తిండి, ఫోను, వడ్డీ తీసేస్తే మొదటి ఏడాది అసలు తీరదు. అప్పు తీరేదాకా కంపెనీ మంచిదైనా చెడ్డదైనా అక్కడే. ఇప్పుడు చెప్పండి, దొర దగ్గర జీతగాడికీ ఇతనికీ తేడా ఏంది? విమానం ఎక్కిండు, అంతే.

ఇప్పుడు కెనడాకు పోదాం. ఇక్కడ మీకు రెండు సంవత్సరాలు చెప్తా, పక్కపక్క సంవత్సరాలు. 1966, 1967.

1967లో కెనడా పాయింట్ల పద్ధతి తెచ్చింది. అంతకుముందు ఆ దేశం తెల్లవాళ్లకు ఒక తలుపు, మిగతావాళ్లకు ఒక తలుపు పెట్టింది. చైనా నుంచి వచ్చేవాళ్ల మీద 1885 నుంచి తల పన్ను వేసింది, 1903 నాటికి అది మనిషికి 500 డాలర్లు. 1923 నుంచి 1947 దాకా చైనీయులను దాదాపు పూర్తిగా ఆపేసింది. మన దేశపోళ్లను ఆపడానికి 1908లో ఇంకో ఉపాయం చేసింది. ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో వస్తేనే రానిస్తామంది, అట్ల వచ్చే ఓడలే అప్పుడు లేవు. అలాంటి దేశం 1967లో రంగు, జాతి పక్కన పెట్టి చదువుకు ఇన్ని పాయింట్లు, భాషకు ఇన్ని, వయసుకు ఇన్ని అని మొదలుపెట్టింది. వచ్చినోడు మొదటి రోజు నుంచే శాశ్వత నివాసి. ఉద్యోగం నచ్చకపోతే మానేయొచ్చు. ఇది నిజంగా గొప్ప మార్పు. మనం కెనడా అంటే ఊహించుకునేది ఈ కెనడానే.

కానీ దానికి ఒక్క ఏడాది ముందు, 1966లో, ఇంకో పథకం మొదలైంది. పొలాల్లో పనికి జమైకా నుంచి సీజన్ లెక్కన కూలీలను తెచ్చుకోవడం. 1974లో మెక్సికో కూడా కలిసింది. సీజన్ కాగానే తిరిగి పోవాలి. పర్మిట్ మీద రైతు పేరు ఉంటది, ఆ రైతు దగ్గరే పని చేయాలి. కొందరు ఇరవై ముప్పై ఏండ్లు ప్రతి సీజన్ అదే పొలానికి వస్తున్నరు, శాశ్వత నివాసం మాత్రం రాలేదు. ఇంజనీర్లకు ఒక తలుపు, టమాటాలు కోసేవాళ్లకు ఒక తలుపు. ఆ రెండో తలుపే తర్వాత తాత్కాలిక విదేశీ కార్మికుల ప్రోగ్రాంగా పెరిగి, రెస్టారెంట్లకు, లారీ కంపెనీలకు, చేపల ఫ్యాక్టరీలకు పాకింది. అందులో ఇచ్చేదాన్ని క్లోజ్డ్ వర్క్ పర్మిట్ అంటరు. ఒక యజమాని పేరు మీద కట్టిన పర్మిట్. మానేస్తే వేరే దగ్గర పని చేయడానికి మళ్లీ కొత్త పర్మిట్ కావాలి, కొత్త యజమాని ముందు ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలి.

2023లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి తొమోయా ఒబోకాటా కెనడా మొత్తం తిరిగి చూసిండు. సెప్టెంబర్‌లో ఆయన చెప్పిన మాట ఆ దేశంలో పెద్ద గొడవ చేసింది. ఈ తాత్కాలిక కార్మికుల ప్రోగ్రాం ఆధునిక బానిసత్వం పుట్టి పెరిగే చోటని అన్నడు. యజమానికి కట్టేసే పర్మిట్లు ఎత్తేయాలన్నడు. కెనడా వాళ్లకు రోషం వచ్చింది. మేమేంది, బానిసత్వమేంది అని. నాకైతే ఆ మాట కొత్తగా అనిపించలేదు. మన 1976 చట్టం నిర్వచనాన్ని తీసుకుపోయి ఆ పర్మిట్ పక్కన పెట్టండి. వేరేచోట పని చేసుకునే స్వేచ్ఛ ఉందా లేదా? అప్పు ఉందా లేదా?

"మనోళ్లు టమాటాలు కోయడానికి పోతలేరు కదా, చదువుకోవడానికి పోతున్నరు" అంటరు. పోతున్నరు. అందుకే ఇప్పుడు చదువు సంగతి చూద్దాం, మన జిల్లాల డబ్బు ఎక్కువ పోయింది ఇక్కడే.

ఒంటారియో రాష్ట్రం, టొరంటో ఉండేది, 2019లో స్థానిక విద్యార్థుల ఫీజు 10 శాతం తగ్గించి, అక్కడే ఆపేసింది. ఓట్లు పడే నిర్ణయం. ఆ మేరకు ప్రభుత్వం కాలేజీలకు డబ్బు ఇచ్చిందా అంటే లేదు. మరి కాలేజీలు ఎట్ల నడవాలి? విదేశీ విద్యార్థి ఫీజు మీద పరిమితి లేదు. 2021 డిసెంబర్‌లో ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ లెక్క తీసింది. 2020-21లో అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో విదేశీ విద్యార్థులు 30 శాతం, కానీ ఫీజుల ఆదాయంలో 68 శాతం వాళ్లదే. వాళ్లలో 62 శాతం మన దేశపోళ్లు. అంటే ఒంటారియో వాళ్ల పిల్లల ఫీజు తగ్గింపుకు డబ్బు కట్టింది ఎవరు? పంజాబ్‌లో ఎకరం అమ్ముకున్నోడు, కరీంనగర్‌లో ప్లాటు కుదువపెట్టినోడు.

2023 చివరికి కెనడాలో స్టడీ పర్మిట్ ఉన్నోళ్లు 10 లక్షలు దాటిండ్రు. ఇండ్ల కిరాయిలు అప్పటికే ఆకాశంలో ఉన్నయి. కారణాలు చాలా ఉన్నయి. ప్రభుత్వం సొంతంగా చౌక ఇండ్లు కట్టడం 1990ల్లో దాదాపు మానేసింది, ఇండ్లను పెట్టుబడి సరుకుగా కొనేవాళ్లు పెరిగిండ్రు. కానీ టీవీలో, పార్లమెంటులో అందరి వేలూ ఒకే దిక్కు తిరిగింది, స్టూడెంట్ల దిక్కు. 2024 జనవరి 22న ఇమ్మిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్ కోటా ప్రకటించిండు. ఆ ఏడాది కొత్త పర్మిట్లు 35 శాతం తగ్గించి, 3,60,000 దగ్గర ఆపుతామని. అప్పటికే, ఆ నెల 1 నుంచే, విద్యార్థి చూపించాల్సిన ఖర్చుల డబ్బు 10,000 డాలర్ల నుంచి 20,635కు పెంచిండ్రు. 2025 సెప్టెంబర్ నుంచి అది 22,895. మన రూపాయల్లో 14 లక్షలకు అటుఇటు. ఇది ఫీజు కాక. ఫీజు ఎట్లాగూ వేరే.

తర్వాత 2024 నవంబర్ 8న ఒకే రోజు మూడు మార్పులు వచ్చినయి. మనోళ్లకు వీసా తొందరగా వచ్చే ఎస్‌డీఎస్ దారి మూసేసిండ్రు. క్లాసులు నడిచేటప్పుడు వారానికి 24 గంటలే పని అని ఖాయం చేసిండ్రు. మూడోది మన దగ్గర ఎవరూ పట్టించుకోలేదు, నా దృష్టిలో అదే పెద్దది. అప్పటిదాకా కాలేజీ నచ్చకపోతే ఇంకో కాలేజీకి మారి, ఆన్‌లైన్‌లో తెలియజేస్తే సరిపోయేది. ఆ రోజు నుంచి కాలేజీ మారాలంటే కొత్త స్టడీ పర్మిట్ కావాలి. అంటే విద్యార్థి పర్మిట్ కూడా ఒక కాలేజీకి కట్టేసిండ్రు. కాలేజీ మోసం చేసినా, చెప్పిన కోర్సు లేకపోయినా, ఫీజు పెంచినా, బయటపడాలంటే మళ్లీ ప్రభుత్వం తలుపు కొట్టాలి. ఉద్దేశం మంచిదే అంటరు, దొంగ అడ్మిషన్లు ఆపడానికి అని. కానీ తాడు కట్టింది కాలేజీ మెడకు కాదు, పిల్లల మెడకు.

చదువు అయిపోయినాక పీజీడబ్ల్యూపీ వస్తది. న్యాయంగా చెప్పాలంటే అది ఓపెన్ పర్మిట్. ఏ యజమాని దగ్గరైనా పని చేయొచ్చు. అక్కడ పిల్లలు కొంచెం ఊపిరి తీసుకుంటరు. కానీ దానికి గడువు ఉంటది. గడువులోపల శాశ్వత నివాసం రావాలి, దానికి పాయింట్లు కావాలి. ఎల్‌ఎమ్‌ఐఏ అనే కాగితం ఉన్న జాబ్ ఆఫర్‌కు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో చాలా ఉద్యోగాలకు 50, పెద్ద మేనేజర్ పోస్టులకు 200 పాయింట్లు ఉండేవి. ఇంకేముంది, అది బజారులో సరుకు అయింది. వేల డాలర్లు తీసుకుని, లేని ఉద్యోగానికి కాగితం అమ్మే దళారులు పుట్టుకొచ్చిండ్రు. దళారుల్లో మన దేశపోళ్లే మస్తుమంది, అది కూడా చెప్పాలి. 2025 మార్చి 25 నుంచి ఆ పాయింట్లు తీసేసిండ్రు. అప్పటికే డబ్బు కట్టినోళ్ల సంగతి దేవుడికే తెలుసు.

గల్ఫ్‌లో ఆజాద్ వీసా అని ఒకటి ఉంది, మన జగిత్యాల కాకలను అడగండి. ఎవరో కఫీల్ పేరు మీద వీసా కొనుక్కుంటరు, పని మాత్రం మనమే ఎక్కడో వెతుక్కోవాలి, ఏటా కఫీల్‌కు డబ్బు కట్టాలి. టొరంటోలో కొనే ఎల్‌ఎమ్‌ఐఏ దానికి స్వంత తమ్ముడు. మనిషి ఉండే హక్కును ప్రభుత్వం ప్రైవేటు యజమాని చేతిలో పెట్టిన ప్రతిచోటా ఆ హక్కుకు ఒక రేటు కడతరు. అరబ్బు షేక్ అయినా, తెల్ల కంపెనీ అయినా, బ్రాంప్టన్‌లో మన దేశపు రెస్టారెంట్ ఓనరైనా.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి మా భాషలో చెప్తే, సిస్టంలో ఏ ఒక్క భాగం చెడిపోతే మొత్తం పడిపోతుందో, దాన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఏ చిన్న యాప్ కట్టినా అది ఉండకుండా చూసుకుంటాం. ఇక్కడ మనిషి బతుకును తీసుకుపోయి దాని మీదనే నిలబెట్టిండ్రు.

ఇప్పుడు ఒక ఆగ్రహం వస్తది, నాకు తెలుసు. "సౌదీ, కెనడా ఒకటేనా?" ఒకటి కాదు. ఒకటి అంటే నేను అబద్ధం చెప్పినట్టే. ఒంటారియోలో కనీస వేతనం 2025 అక్టోబర్ నుంచి గంటకు 17.60 డాలర్లు, అది విదేశీ విద్యార్థికి కూడా వర్తిస్తది. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేసే లేబర్ ఆఫీసు ఉంది. బహిరంగంగా ధర్నా చేయొచ్చు. బ్రాంప్టన్‌లో 2021లో నౌజవాన్ సపోర్ట్ నెట్‌వర్క్ అని పెట్టుకున్నరు, ఎక్కువగా పంజాబీ విద్యార్థులు, కార్మికులు. జీతం ఎగ్గొట్టిన ఓనర్ల షాపుల ముందు, ఇండ్ల ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఎగ్గొట్టిన డబ్బు వసూలు చేసిండ్రు. రియాద్‌లో ఇది ఊహకు కూడా అందదు. 2019 జూన్ నుంచి కెనడా ఇంకో వెసులుబాటు పెట్టింది. యజమాని వేధిస్తున్నడని చూపించగలిగితే, క్లోజ్డ్ పర్మిట్ ఉన్న కార్మికుడికి ఓపెన్ పర్మిట్ ఇస్తరు. మంచిదే. కానీ ముందు వేధింపు పడాలి, తర్వాత సాక్ష్యం సంపాదించాలి, ఇంగ్లిష్‌లో దరఖాస్తు నింపాలి. ఇంకో మాట. ఒంటారియోలో పొలం కూలీలకు మిగతా కార్మికుల్లాగా యూనియన్ పెట్టి యజమానితో బేరం చేసే పూర్తి హక్కు నేటికీ లేదు.

అటు గల్ఫ్ కూడా కదలకుండా లేదు. ఖతర్ 2020లో, ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అక్కర్లేదని చట్టం మార్చింది. సౌదీ 2021 మార్చి నుంచి కొన్ని సడలింపులు ఇచ్చింది, ఇంటి పనివాళ్లను, డ్రైవర్లను మాత్రం వదిలేసి. అమలు సంగతి వేరే. కానీ చూడండి, ఖతర్ తాడు వదులు చేస్తానంటున్న రోజుల్లో కెనడా విద్యార్థికి కొత్త తాడు కడుతోంది. ఎటు పోతున్నరో మీరే ఆలోచించండి.

మరి కెనడాలో ప్రోగ్రెసివ్‌లు ఏమంటున్నరు? వలస కార్మికుల సంఘాలు, ఎన్‌డీపీలో ఒక భాగం, యూనియన్లు చెప్పేది ఒక్కటే. పనికి పనికొచ్చే మనిషి ఉండటానికీ పనికొస్తడు, వచ్చేటప్పుడే శాశ్వత హోదా ఇవ్వండి అని. 2021 డిసెంబర్‌లో ట్రూడో తన ఇమ్మిగ్రేషన్ మంత్రికి ఇచ్చిన పనుల జాబితాలో, కాగితాలు లేని కార్మికులను క్రమబద్ధీకరించే దారి చూడమని ఉండె. 2024 వచ్చేసరికి గాలి మారింది, దాన్ని పక్కన పెట్టిండ్రు. 2025 ఏప్రిల్ 28 ఎన్నికల్లో మార్క్ కార్నీ లిబరల్స్ 169 సీట్లతో గెలిచిండ్రు, ఎన్‌డీపీ 7 సీట్లకు పడిపోయింది. ఇదే ఎన్‌డీపీకి ముందున్న పార్టీ, టామీ డగ్లస్ నడిపిన పార్టీ, సస్కాచెవాన్‌లో మొదలుపెట్టిన ఉచిత వైద్యమే తర్వాత కెనడా మొత్తానికి వచ్చింది. అలాంటి పార్టీ ఇప్పుడు వలస కార్మికుడి తరఫున పార్లమెంటులో గట్టిగా మాట్లాడే బలంలో లేదు. ఎందుకంటే ఎవరి గురించి మాట్లాడాలో వాళ్లకు అక్కడ ఓటు లేదు. ఫీజు కట్టే 68 శాతం డబ్బుకు ఓటు లేదు, కిరాయి నింద మోసిన స్టూడెంటుకు ఓటు లేదు.

(ఆదివాసీ భూముల విషయంలో కెనడాకూ మన ఆదిలాబాద్‌కూ పోల్చాల్సినవి చాలా ఉన్నయి. ఉట్నూరు నుంచి కొందరు అడిగిండ్రు కూడా. అది ఇందులో ఇరికిస్తే న్యాయం జరగదు, విడిగా చేస్తా.)

సరే, అక్కడ ఓటు లేదు. ఇక్కడుందా? కాగితం మీద ఉంది. 2010 సవరణ తర్వాత విదేశంలో ఉన్న భారతీయ పౌరుడు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. కానీ వేయాలంటే విమానం టికెట్ కొనుక్కుని మీ ఊరి పోలింగ్ బూత్‌కే రావాలి. నెలకు 20 వేలు సంపాదించేటోడు 40 వేలు పెట్టి ఓటేయడానికి వస్తడా? అందుకే మన దగ్గర ప్రభుత్వాల లెక్కల్లో గల్ఫ్ కార్మికుడు బతికున్నప్పుడు కనిపించడు. శంషాబాద్‌లో పెట్టె దిగినప్పుడు కనిపిస్తడు. పెట్టెను ఊరికి చేర్చడానికి ఉచిత అంబులెన్స్ ఉంది. ఇప్పుడు గల్ఫ్ దేశాల్లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది, 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు వర్తించేలా 2024 సెప్టెంబర్‌లో ఉత్తర్వు వచ్చింది. ఇది ఏండ్ల తరబడి అడిగితే వచ్చింది, తక్కువ చేసి మాట్లాడను. కానీ బతికున్నోడికి ఏముంది?

కేంద్రం సంగతి ఇంకా విచిత్రం. 2020 సెప్టెంబర్‌లో, కరోనాలో, మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్‌కు పోయే కార్మికులకు ఉండాల్సిన కనీస రిఫరల్ వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. వేరే దేశంతో పోటీ పడి మన మనిషి రేటు మనమే తగ్గించినం. తెలంగాణ నుంచి గల్ఫ్ సంఘాలు కొట్లాడినయి, హైకోర్టు దాకా పోయినయి, చివరికి 2021 జులైలో ఆ సర్క్యులర్లు వెనక్కి తీసుకున్నరు. ఆ పది నెలల్లో తక్కువ జీతానికి సంతకం పెట్టి పోయినోళ్లు మాత్రం ఆ జీతానికే పని చేసిండ్రు.

చట్టం 1983ది. అందులో పదో తరగతి పాస్ కానోళ్లు 18 దేశాలకు పోవాలంటే అనుమతి కావాలి, ఏజెంటుకు లైసెన్స్ ఉండాలి, సర్వీస్ చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోరాదు. తీసుకునేది ఎంతో మీకు తెలుసు, నాకు తెలుసు, పోలీస్ స్టేషన్‌కూ తెలుసు. స్టూడెంట్లకైతే ఆ చట్టమే లేదు. కన్సల్టెన్సీ పెట్టాలంటే ఏ విదేశాంగ శాఖ లైసెన్సూ అక్కర్లేదు. గల్ఫ్ ఏజెంటు కనీసం దొంగ అని పిలిపించుకుంటడు, కెనడా కన్సల్టెంటు మన కాలేజీల్లో సెమినార్ పెట్టి దండలు వేయించుకుంటడు.

ఇంకో లెక్క చూడండి. విదేశీ చదువుకు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా రాష్ట్రమే ఇస్తది, బీసీలకు, మైనారిటీలకు వేరే పథకాలున్నయి, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపుంటే. ఆ దేశాల జాబితాలో కెనడా ఉంది. నేను ఈ పథకాలకు పూర్తిగా అనుకూలం, అవి లేకపోతే సముద్రం దాటే చదువు కొన్ని కులాలకే మిగిలేది. నా ప్రశ్న ఏందంటే, 20 లక్షలు పెట్టి పంపిన విద్యార్థి కాలేజీ మోసంలో చిక్కుకుంటే ఫోన్ చేయడానికి రాష్ట్రంలో ఒక డెస్క్ ఉండాలా వద్దా? ప్రజాధనం పోతున్న కాలేజీ ఎట్లాంటిదో ఎవరన్నా చూస్తున్నరా?

కేరళ వైపు చూడండి. అక్కడ 1996లోనే ప్రవాసుల శాఖ పెట్టిండ్రు, 2008లో చట్టం చేసి సంక్షేమ బోర్డు పెట్టిండ్రు. చందా కట్టిన ప్రవాసికి పెన్షన్ వస్తది. చట్టం చేసిండ్రు కాబట్టి ముఖ్యమంత్రి మారితే బోర్డు పోదు. మన దగ్గర 2023 ఎన్నికలప్పుడు కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల సభల్లో గల్ఫ్ బోర్డు అనే మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. బోర్డు ఇస్తామనే ఏ నాయకుడినైనా ఒక్క ప్రశ్న అడగండి. జీవోతోనా, అసెంబ్లీ చట్టంతోనా? జీవో అయితే అది ఆయన దయ. చట్టమైతే మన హక్కు. ఇంకా అడగాల్సింది, ఆ బోర్డు పరిధిలో కెనడా, యూకే పోయిన విద్యార్థులు కూడా ఉంటరా అని. తండ్రికీ కొడుకుకూ వేర్వేరు కౌంటర్లు పెట్టాల్సిన పని లేదు.

పోవాలనుకునేవాళ్లకు, పొమ్మనో వద్దనో నేను చెప్పను. ఇక్కడ పని ఉంటే ఎవరూ పోరు. పోయే ముందు మాత్రం మూడు నాలుగు పనులు చేయండి. గల్ఫ్ అయితే ఏజెంటు లైసెన్స్ నంబర్ ఈ-మైగ్రేట్ సైట్‌లో వెతకండి, విజిట్ వీసా మీద పని అంటే నమ్మకండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375, పన్ను వేరే. 10 లక్షల కవర్ ఉంటది. కానీ అది ప్రమాదంలో చావుకూ, శాశ్వత వైకల్యానికీ. గుండెపోటుకు రాదు, గల్ఫ్ నుంచి వచ్చే కాగితాల్లో ఎక్కువ కనిపించేది గుండెపోటే. కెనడా అయితే, కాలేజీ పేరు వాళ్ల ప్రభుత్వ డీఎల్‌ఐ జాబితాలో ఉందో లేదో, మీ కోర్సుకు పీజీడబ్ల్యూపీ వస్తదో రాదో వాళ్ల ప్రభుత్వ సైట్‌లోనే చూడండి, 2024 నవంబర్ నుంచి చాలా కోర్సులకు రావట్లేదు. అడ్మిషన్ లెటర్ నేరుగా కాలేజీకి మెయిల్ పెట్టి కన్ఫర్మ్ చేసుకోండి. 2023లో దొంగ లెటర్లతో దొరికిపోయిన పంజాబ్ పిల్లలు ఆ లెటర్లు దొంగవని ఏండ్ల తర్వాత తెలుసుకున్నరు, దేశం నుంచి పంపేస్తామంటే టొరంటో ఎయిర్‌పోర్టు దగ్గర టెంట్ వేసుకుని కూర్చున్నరు. ఇప్పటికే అక్కడుండి, క్లోజ్డ్ పర్మిట్ మీద వేధింపు పడుతున్నవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, నేను చెప్పిన ఆ 2019 నాటి ఓపెన్ పర్మిట్‌కు దరఖాస్తు ఫీజు లేదు. జీతం స్లిప్పులు, షిఫ్టు మెసేజ్‌లు, గంటల లెక్క ఫోన్లో దాచుకోండి, ఓనర్ ఇచ్చిన ఫోన్లో కాదు, మీ సొంత ఫోన్లో.

ఉంటా మరి. నమస్తే.